రాత్రి రెండు గంటల భయం – కీళ్ళవాతంతో ఉన్నవారికి 6వ కీర్తన నుండి ఒక పాఠం

వాక్యభాగం: కీర్తనలు 6:1-10
కలిపి చదవవలసినవి: 1 రాజులు 19:1-8, 2 కొరింథీయులకు 7:5-7



ఈ పాఠం మొదలుపెట్టే ముందు బైబిలు తెరిచి 6వ కీర్తనను ఒకసారి పైకి చదవండి. పది వచనాలే. వేళ్ళు సహకరించక పేజీలు తిప్పడం కష్టమైతే ఫోనులో వినండి. విన్నా అది వాక్యమే.

నాకు రుమటాయిడ్ కీళ్ళవాతం వచ్చి తొమ్మిదేళ్ళయింది. మేముండేది ఇంగ్లాండులో. ఒక జనవరి శనివారం సాయంత్రం స్త్రీల సహవాసంలో "భయపడకుడి" అనే అంశం మీద నేనే పాఠం చెప్పి ఇంటికొచ్చాను. ఆ రాత్రి రెండు గంటలు దాటాక ఉలిక్కిపడి లేచాను. కలేమీ రాలేదు. చేతులు రెండూ మొద్దుబారిపోయి ఉన్నాయి. గుండె దడదడ కొట్టుకుంటోంది, ఊపిరి అందడం లేదు, ఒళ్ళంతా చెమట. లేద్దామంటే మోకాళ్ళు బిగుసుకుపోయి కదలడం లేదు. మా వారు నైట్ డ్యూటీలో ఉన్నారు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఎలాగో అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు. గుండె బాగుంది, ఇది ప్యానిక్ అటాక్ అన్నారు.

గుండె బాగుందంటే సంతోషించాలి కదా? నాకు సిగ్గేసింది. సాయంత్రం భయపడవద్దని బోధించిన మనిషిని, రాత్రికి భయంతో అంబులెన్సు పిలిచాను. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒకరితో చెప్పుకుంటే, "నీలో ఎక్కడో విశ్వాసం తగ్గింది, పరీక్షించుకో" అన్నారు. ఆ రోజు నుండి నాకు రాత్రిళ్ళు రెండు భయాలయ్యాయి. గుండె ఆగిపోతుందేమోనని ఒకటి, దేవుడు నన్ను విడిచిపెట్టాడేమోనని రెండోది. నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

మీలో ఎవరైనా ఇలాంటి రాత్రులు గడుపుతుంటే, ఈ పాఠం మీ కోసమే.

1. దావీదు పడక మీద ఏం జరిగింది?

6వ కీర్తనలో మూడు సంగతులు పక్కపక్కనే కనిపిస్తాయి. 2వ వచనంలో ఎముకల బాధ, 3వ వచనంలో ప్రాణం పడే కలవరం, 6వ వచనంలో రాత్రంతా పడక తడిసేలా ఏడుపు. ఎముకలు, ప్రాణం, రాత్రి. కీళ్ళ నొప్పితో పాటు రాత్రి భయం కూడా ఉన్నవారికి తమ గురించే రాసినట్టుంటుంది.

హెబ్రీ మూలంలో గమనించవలసిన మాట ఒకటుంది. ఎముకలకు ఏం జరిగిందో చెప్పడానికి దావీదు "బాహల్" అనే క్రియ వాడాడు. భయంతో అదిరిపోవడం, కలవరపడడం అని దాని అర్థం. వెంటనే ప్రాణానికి ఏం జరిగిందో చెప్పడానికీ అదే క్రియ వాడాడు. అంటే ఇది ఒళ్ళు బాధ, అది మనసు బాధ అని దావీదు విడదీయలేదు. ఎముకల్లో మొదలైన అదురు ప్రాణం దాకా వెళ్ళిందన్నాడు.

3వ వచనం చివర చూడండి. దేవా, ఇంకా ఎంత కాలం అన్నట్టుగా అడిగి ఆపేశాడు. వాక్యం పూర్తి కాలేదు. ఊపిరి అందని మనిషి ప్రార్థన అలాగే ఉంటుంది. పొడవైన ప్రార్థన చేయలేకపోయానని బాధపడేవారు ఈ సగం వాక్యాన్ని గుర్తుంచుకోండి. అది పరిశుద్ధ గ్రంథంలో చోటు సంపాదించుకుంది.

ఇంకొక సంగతి. ఈ కీర్తనపై ఉన్న సూచనను బట్టి ఇది ప్రధాన గాయకునికి, తంతివాద్యాలతో పాడడానికి అప్పగించబడింది. దావీదు ఒంటరిగా పడక మీద ఏడ్చిన ఏడుపును దేవుని ప్రజలంతా కలిసి పాడుకున్నారన్నమాట. ఆయన దాచుకోలేదు. మనం మాత్రం ఆదివారం ఆరాధనలో "బాగున్నారా?" అంటే "ప్రభువు కృప, బాగున్నాం" అని చెప్పి రాత్రి సంగతి ఇంట్లోనే దాచేసుకుంటాం.

2. మన శరీరంలో ఏం జరుగుతోంది?

భయం ఎందుకు వస్తోందో కొంత తెలిస్తే దాని బలం కొంత తగ్గుతుంది. అందుకే ఇది వివరంగా చెబుతున్నాను.

కీళ్ళవాతంలో చాలా రకాలున్నాయి. వయసుతో, బరువుతో, పాత దెబ్బలతో వచ్చే అరుగుదల ఒక రకం. మన రోగనిరోధక శక్తే పొరపాటున మన కీళ్ళ మీద దాడి చేసే రుమటాయిడ్ మరొక రకం. ఈ రెండోది మగవారిలో కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. దీని నొప్పికి, బిగుసుకుపోవడానికి ఒక వేళ ఉంది. వాపును అణచే కార్టిసాల్ అనే హార్మోను నడిరాత్రి ప్రాంతంలో మన ఒంట్లో బాగా తక్కువగా ఉంటుంది. వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు తెల్లవారుజామున పెరుగుతాయి. అందుకే పగలంతా ఫరవాలేదనిపించిన చేతులు తెల్లవారేసరికి పిడికిలి కూడా బిగించలేని స్థితికొస్తాయి.

నిద్రలో వచ్చే ప్యానిక్ అటాక్ పీడకల లాంటిది కాదు. చాలామందికి కలేమీ లేకుండానే మెలకువ వస్తుంది. ప్రమాదం వచ్చినప్పుడు మోగవలసిన గంట ప్రమాదం లేకుండానే మోగినట్టు అనుకోండి. అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి చాలదేమోనని గబగబా పీలుస్తాం. అలా పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది, పెదవులకు, వేళ్ళకు తిమ్మిర్లెక్కుతాయి. ఆ తిమ్మిర్లు చూసి ఇంకా భయపడతాం. ఇదొక చక్రం. అయితే ఇది సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది.

కీళ్ళవాతం ఉన్నవారికి ఈ చక్రం మొదలవడానికి కారణాలు ఎక్కువ. మణికట్టు వాపు వల్ల అక్కడి నరం నొక్కుకుపోయి రాత్రిపూట చేతులు మొద్దుబారడం మామూలే. దాన్ని కార్పల్ టన్నెల్ అంటారు. నిద్రమత్తులో అది మనకు పక్షవాతంలాగో గుండెపోటులాగో అనిపిస్తుంది. కాళ్ళు బిగుసుకుపోయి వెంటనే లేవలేకపోవడం "ఏదైనా అయితే పారిపోలేను, తలుపు కూడా తీయలేను" అనే భయాన్ని రేపుతుంది. భయంతో కండరాలు బిగుస్తాయి, బిగిస్తే నొప్పి పెరుగుతుంది. నొప్పి మాత్రల వల్ల కొందరికి రాత్రి ఛాతీలో మంట వస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు కొందరికి నిద్ర పట్టనివ్వవు, మనసును ఆందోళనపరుస్తాయి. నాకు మొదటిసారి ప్యానిక్ వచ్చింది కూడా స్టెరాయిడ్ మోతాదు పెంచిన వారంలోనే. ఆ రెండింటికీ సంబంధం ఉండవచ్చని నాకు నెలల తర్వాత రుమటాలజీ నర్సు చెబితే గాని తెలియలేదు. ఆ నెలలన్నీ నేను నా ఆత్మీయ జీవితంలోనే తప్పు వెతుక్కున్నాను.

ఒక గట్టి హెచ్చరిక. రుమటాయిడ్ ఉన్నవారికి గుండెజబ్బు వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. కాబట్టి మొదటిసారి వచ్చినప్పుడు "ఇది ప్యానిక్కే" అని మీరే తేల్చేసుకోవద్దు. ఛాతీలో బిగింపు గాని బరువు గాని ఉండి తగ్గకపోయినా, అది చేతికి, దవడకు, మెడకు, వీపుకు పాకినా, స్పృహ తప్పినా, ముఖమో చెయ్యో ఒక పక్క పడిపోయినా, మాట తడబడినా వెంటనే అంబులెన్సు పిలవండి. బ్రిటన్‌లో 999, అమెరికాలో 911, మీరున్న దేశంలో ఏ నంబరైతే అది. ప్యానిక్ అని తేలితే తేలనివ్వండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

3. ఇది అవిశ్వాసమా?

దావీదుకూ ఈ అనుమానం వచ్చింది. 1వ వచనంలో, దేవుడు కోపంతో తనను శిక్షిస్తున్నాడేమోనన్న భయం వినిపిస్తుంది. కానీ ఆ భయాన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాడు? ఆ దేవుని దగ్గరికే. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసి ఎవరి పాపం వల్ల ఇలా జరిగిందని శిష్యులడిగితే, యేసుప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. ప్రతి జబ్బు వెనకా ఒక పాపాన్ని వెతికే అలవాటు శిష్యులది, ప్రభువుది కాదు.

1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయాను చూడండి. కర్మెలు కొండ మీద గొప్ప జయం చూసిన ప్రవక్త. యెజెబెలు మాటకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, చెట్టు కింద పడి చావు కోరుకున్నాడు. దేవుడు అతని అవిశ్వాసం గురించి ప్రసంగం చేయించాడా? లేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి ముట్టి లేపాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ లేపి తినిపించాడు. ప్రయాణం అతని శక్తికి మించినదని దూతే ఒప్పుకున్నాడు. హోరేబులో మాట్లాడడం ఆ తర్వాతి సంగతి. దేవుడు ముందు అతని శరీరాన్ని పట్టించుకున్నాడు.

అందుచేత మందు వేసుకోవడం, డాక్టరు దగ్గరికి వెళ్ళడం, మానసిక నిపుణునితో మాట్లాడడం విశ్వాసానికి వ్యతిరేకం కాదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన చేయమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, ఆ కాలంలో తెలిసిన మందు కూడా చెప్పాడు.

"భయపడకుడి" అనే మాట బైబిలులో ఎక్కడొచ్చినా ఎవరితో అంటున్నారో చూడండి. చాలాచోట్ల అది అప్పటికే భయపడుతున్నవారితో, దగ్గరగా నిలబడి అన్న మాట. నేను ఆ శనివారం చెప్పిన పాఠంలో ఆ సంగతి చెప్పలేదు. ఆజ్ఞలాగా చెప్పాను. ఇప్పుడైతే అలా చెప్పను.

4. ఆ రాత్రికి ఏం చేయాలి?

గుండె పరీక్షలు చేయించుకుని, మీకు వస్తున్నది ప్యానిక్ అని డాక్టరు చెప్పాక, ఈ క్రమం పాటించి చూడండి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్కన పెట్టుకోండి. ఆ సమయంలో ఏదీ గుర్తురాదు.

మొదట, చిన్న లైటు వేసి కూర్చోండి. ఇందుకు పడుకునే ముందే ఏర్పాటు ఉండాలి. వేళ్ళు వాచినవారు గుండ్రటి స్విచ్ తిప్పలేరు, నొక్కితే వెలిగేది పెట్టుకోండి. మంచినీళ్ళకు బిగుతు మూత లేని సీసా, చేతికందేటట్టు ఫోను, మంచం పక్కన పట్టుకుని లేవడానికి గట్టి ఆధారం ఉంటే "లేవలేను" అనే భయం సగం తగ్గుతుంది.

రెండోది, దానికి పేరు పెట్టండి. "ఇది ప్యానిక్. ఇంతకు ముందూ వచ్చింది, వెళ్ళిపోయింది. ఇదీ వెళ్ళిపోతుంది" అని పైకి అనండి. దానితో పోట్లాడవద్దు. పోట్లాడేకొద్దీ పెరుగుతుంది.

మూడోది, ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. వదలడం పొడవుగా ఉండాలి. లెక్క కుదరకపోతే పీల్చేటప్పుడు "ప్రభువా" అని, వదిలేటప్పుడు "నీవు వింటున్నావు" అని మనసులో అనుకోండి. ఐదు నిమిషాలు చేయండి. నా ప్రార్థన చాలా రాత్రులు ఇంతే.

నాలుగోది, పాదాలు నేలకు ఆనించండి. చేతులు మొద్దుబారితే మణికట్టు వంచకుండా నిటారుగా ఉంచి మెల్లగా విదపండి. రాత్రి కట్టుకునే మణికట్టు పట్టీ గురించి మీ డాక్టరును గాని ఫిజియోను గాని అడగండి. వేడినీళ్ళ సంచిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకోవచ్చు. వేళ్ళను ఒక్కొక్కటిగా ముడిచి తెరవండి. కీళ్ళకూ మంచిది, మనసుకూ పని దొరుకుతుంది.

ఐదోది, ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం మీదే దొర్లకండి. కుర్చీలో కూర్చుని మెల్లగా ఒక కీర్తన వినండి. నిద్ర వచ్చినప్పుడే మళ్ళీ పడుకోండి. గడియారం కనబడకుండా తిప్పి పెట్టండి. వాట్సాప్ తెరవకండి. జబ్బుల గురించి ఆ వేళ ఇంటర్నెట్‌లో వెతకడం నేను చేసిన పెద్ద పొరపాటు.

మోకాళ్ళూని ప్రార్థించలేకపోతున్నామని బాధపడేవారు మనలో చాలామంది ఉన్నారు. చిన్నప్పటి నుండి ప్రార్థన అంటే మోకాళ్ళ మీద అని నేర్చుకున్నాం. కానీ ఆ రాత్రి దావీదు ప్రార్థన పడక మీది నుండే వెళ్ళింది. కూర్చునో పడుకునో చేసిన ప్రార్థన తక్కువ ప్రార్థన కాదు.

5. పగటిపూట చేయవలసినవి

రాత్రి సమస్యకు చాలావరకు పరిష్కారం పగలే ఉంది.

రెండు వారాలు ఒక పుస్తకంలో రాయండి. ఎన్నింటికి మెలకువ వచ్చింది, నొప్పి పదికి ఎంత, ఆ రోజు ఏ మందులు ఎన్నింటికి వేసుకున్నారు, టీ కాఫీ ఎప్పుడు తాగారు. ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి. "ఏదో భయంగా ఉంటోంది" అన్నదానికంటే అది ఎక్కువ పనికొస్తుంది. థైరాయిడ్, షుగరు పడిపోవడం, రక్తహీనత, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా వంటివి కూడా ఇలాంటి లక్షణాలే ఇస్తాయి. అవి ఉన్నాయేమో చూడమని అడగండి.

స్టెరాయిడ్ మాత్రలు సాధారణంగా ఉదయం, ఏదైనా తిన్నాక వేసుకోమంటారు. మీరు రాత్రి వేసుకుంటుంటే సమయం మార్చవచ్చేమో డాక్టరును అడగండి. కానీ వాటిని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, అది ప్రమాదం. నొప్పి అదుపులో లేకపోతే ఓర్చుకోవడమే భక్తి అనుకోకండి. కీళ్ళ వాపు తగ్గితే నిద్ర, నిద్రతో పాటు మనసు కుదుటపడడం చాలామందిలో చూస్తాం.

మన తెలుగువారికి ప్రత్యేకంగా ఒక మాట. ఊరి నుండి వచ్చేటప్పుడు సూట్‌కేసులో నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు తెచ్చుకోవడం మనకు అలవాటు. ఇక్కడ డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రకు అక్కడి నుండి తెచ్చిన అదే జాతి మాత్ర తోడైతే కడుపులో పుండు, కిడ్నీలకు నష్టం కలగవచ్చు. అల్ప్రాజోలం వంటివి అలవాటుగా మారతాయి. బిగుసుకున్న కాళ్ళతో రాత్రి లేచినప్పుడు మత్తు వల్ల పడిపోయే ప్రమాదమూ ఉంది. గల్ఫ్ దేశాల్లోనైతే కొన్ని మందులను ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళడమే చట్టరీత్యా నేరం. కీళ్ళకు గుణమిస్తుందని ఇచ్చే పేరులేని పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలూ బయటపడ్డాయి. ఏది వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ప్యానిక్‌కు మంచి చికిత్స ఉంది. ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే సీబీటీ అనే మాటల చికిత్స చాలామందికి ఫలితమిస్తుంది. కొందరికి మాత్రలు కూడా అవసరమవుతాయి. ఇంగ్లాండులోనైతే ఈ మాటల చికిత్స కోసం జీపీ ఉత్తరం లేకుండా మీరే నేరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. ఇంగ్లీషు రాని అమ్మానాన్నల కోసం ఎన్‌హెచ్‌ఎస్‌లో దుబాసీని ఉచితంగా అడగవచ్చు. పిల్లల చేత అనువాదం చేయించకండి. తల్లి తన భయం గురించి కొడుకు ముందు నిజం చెప్పదు.

బ్రతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఒక్క రాత్రి కూడా ఆగకండి. అమెరికాలో 988, ఇంగ్లాండులో 111కి ఫోన్ చేసి మానసిక ఆరోగ్య సహాయం ఎంచుకోండి. ఇంట్లోవారిని లేపండి. ఏలీయాకూ ఆ ఆలోచన వచ్చింది, దేవుడు అతన్ని ఒంటరిగా వదిలేయలేదు.

6. సంఘం ఏం చేయగలదు?

2 కొరింథీయులకు 7వ అధ్యాయంలో పౌలు దాపరికం లేకుండా రాశాడు. మాసిదోనియకు వచ్చినప్పుడు శరీరానికి విశ్రాంతి లేదు, బయట పోరాటాలు, లోపల భయాలు అని ఒప్పుకున్నాడు. అపొస్తలుడికి లోపల భయాలు! మరి దేవుడు ఆయనను ఎలా ఆదరించాడు? దర్శనంతో కాదు, తీతు రాకతో. ఒక మనిషి తలుపు తట్టి లోపలికి రావడమే దేవుని ఆదరణ అయింది.

మనం దూరదేశంలో ఉన్నాం. ఇక్కడ చలికాలంలో రాత్రి రెండయితే ఊళ్ళో ఉదయం ఏడున్నర. అమ్మ అప్పటికే లేచి ఉంటుంది. అయినా ఫోన్ చేయం. "అమ్మ కంగారుపడుతుంది" అనుకుంటాం. అలాంటప్పుడు సంఘంలో ఒక్కరైనా తీతులా ఉండాలి.

నా సంగతి చెబుతాను. మా సహవాసంలో ఒక అక్క కేర్ హోంలో రాత్రి డ్యూటీలు చేస్తుంది. ఒక ఆదివారం వందనాలు చెబుతూ నా చెయ్యి పట్టుకోబోయి, నేను ముఖం చిట్లించడం చూసి, పక్కకు తీసుకెళ్ళి అడిగింది. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె వాక్యమేమీ చెప్పలేదు. "నేను మెలకువగానే ఉంటాను కదమ్మా, మెసేజ్ పెట్టు, బ్రేక్‌లో చూస్తాను" అంది. ఆ తర్వాత ఏడాదిలో ఆమెకు నేను రాత్రిపూట మెసేజ్ పెట్టింది నాలుగైదు సార్లే. పెట్టవచ్చని తెలియడమే చాలా రాత్రులు నాకు సరిపోయింది.

ఎవరైనా మీతో ఇలాంటి సంగతి చెప్పుకుంటే, ముందు వినండి. చింతపడవద్దన్న వాక్యాన్ని వెంటనే పంపకండి. వాక్యం మంచిదే, కానీ ఆ క్షణంలో అది గద్దింపులా తగులుతుంది. "అపవాది దాడి" అని తేల్చేయకండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. చెయ్యి గట్టిగా నొక్కకుండా పలకరించండి. ప్రభువు బల్లలో చిన్న గిన్నె పట్టుకోలేనివారికి పట్టుకోవడానికి వీలైనది ఇవ్వండి. మోకాళ్ళూనమని అందరినీ పిలిచేటప్పుడు, కూర్చున్నచోటే ప్రార్థించవచ్చని కాపరి ఒక్క మాట అంటే చాలు, ఎందరికో బరువు దిగుతుంది.

7. కీర్తన చివర ఏం మారింది?

8వ వచనం దగ్గర దావీదు స్వరం మారిపోతుంది. ప్రభువు తన ఏడుపు విన్నాడని ధైర్యంగా చెబుతాడు. 9వ వచనంలో విన్నపం విన్నాడని మళ్ళీ చెబుతాడు. ఇక్కడ ఆగి ఒక సంగతి చూడండి. ఎముకలు బాగుపడ్డాయని ఈ కీర్తనలో ఎక్కడా లేదు. స్వస్థపరచమని 2వ వచనంలో అడిగాడు, అడగడం సరైనదే, మనమూ అడుగుదాం. కానీ కీర్తన ముగిసేసరికి మారినట్టు కనబడేది ఆయన ఒళ్ళు కాదు. దేవుడు విన్నాడన్న సంగతి ఆయనకు తెలిసింది.

దేవుడు ముందుగా విన్నది దేన్ని? 8వ వచనంలో విన్నది ఏడుపు ధ్వనిని. విన్నపం మాట 9లో వస్తుంది. మాటలు కూడదీసుకోకముందే, వాక్యం ఎత్తి చెప్పకముందే, విశ్వాసాన్ని రుజువు చేసుకోకముందే ఏడుపు విన్నాడు.

నాకు ఇప్పటికీ కీళ్ళవాతం ఉంది. మందులు మార్చాక, చికిత్సకు వెళ్ళాక ప్యానిక్ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మొన్న డిసెంబరులో కూడా ఒక రాత్రి వచ్చింది. లైటు వేసుకున్నాను, కూర్చున్నాను, ఊపిరి వదిలాను. గుండె దడ భయపెట్టింది. కానీ రెండో భయం, దేవుడు విడిచాడన్న భయం, ఆ రాత్రి రాలేదు. పావుగంటకు దడ తగ్గింది. వేళ్ళు మెల్లగా తెరుచుకుంటూ తెల్లవారే దాకా కూర్చున్నాను.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఈ రాత్రి మీకు మెలకువ వస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మీ భయం మీ విశ్వాసానికి కొలత కాదు. మీరు మాట్లాడలేకపోయినా మీ ఊపిరి చప్పుడు వినే దేవుడు ఉన్నాడు. తెల్లవారాక డాక్టరుకు ఫోన్ చేయండి. ఆదివారం ఒక్కరికైనా చెప్పండి.

కూడికలో చర్చించుకోవడానికి

1. 6వ కీర్తనలో ఎముకలకు, ప్రాణానికి దావీదు ఒకే మాట ఎందుకు వాడి ఉంటాడు? మీ అనుభవంలో ఒళ్ళు బాధ మనసును ఎలా తాకింది?
2. ఏలీయాకు దేవుడు చేసినవి వరుసగా రాయండి. మాట్లాడడం ఎన్నోది?
3. జబ్బుతో ఉన్నవారిని మన మాటలతో తెలియక నొప్పించిన సందర్భం ఉందా? ఇప్పుడైతే ఏమంటారు?
4. రాత్రిపూట మీరు ఎవరికి మెసేజ్ పెట్టగలరు? మీకు ఎవరు పెట్టవచ్చు? ఈ వారమే ఆ మాట వారితో చెప్పండి.

ప్రార్థన

తండ్రీ, నిద్రలేని రాత్రుల్లో మమ్మల్ని చూస్తున్నందుకు వందనాలు. మా కీళ్ళ నొప్పి నీకు తెలుసు, మా గుండె దడ నీకు తెలుసు. మమ్మల్ని స్వస్థపరచుము. స్వస్థత ఆలస్యమైతే, నీవు విన్నావన్న నిశ్చయత మాకివ్వుము. మాకు చికిత్స చేసే డాక్టర్లకు, నర్సులకు జ్ఞానమివ్వుము. ఈ రాత్రి పరాయి దేశంలో ఒంటరిగా మేలుకొని ఉన్న మా సహోదరీ సహోదరుల దగ్గరికి ఎవరినైనా పంపుము. అవసరమైతే మమ్మల్నే పంపుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.